వయోజనుల్లో వినికిడి లోపాన్ని కొలవడం ఎలా: వరంగల్, ఉత్తర తెలంగాణ సర్వే బృందాలకు సమగ్ర మార్గదర్శి

ఒక జిల్లాలో వినికిడి తగ్గిన పెద్దవాళ్లు ఎంతమంది ఉన్నారని ఎవరైనా అడిగితే మన దగ్గర సాధారణంగా మూడు చోట్ల వెతుకుతారు. ఒకటి జనగణన పట్టిక, రెండవది వైకల్య ధ్రువీకరణ కోసం పెట్టే సదరం శిబిరాల రికార్డు, మూడవది ఆసుపత్రిలోని చెవి, ముక్కు, గొంతు విభాగపు ఓపీ రిజిస్టరు. ఈ మూడింటిలో ఏదీ ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు. 2011 జనగణన దేశం మొత్తంలో వినికిడి వైకల్యం ఉన్నవారిని సుమారు 50.7 లక్షల మందిగా లెక్కించింది. జాతీయ చెవుడు నివారణ కార్యక్రమం ఉదహరించే ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా మాత్రం సుమారు 6.3 కోట్లు. ఒకే దేశానికి సంబంధించిన ఈ రెండు అంకెల మధ్య పన్నెండింతల తేడా రావడానికి కారణం కొలిచిన పద్ధతి. జనగణనలో ఇంటి పెద్ద చెప్పిన మాటే ఆధారం కాగా, వయసుతో మెల్లగా తగ్గే వినికిడిని ఇంట్లోవాళ్లు వైకల్యంగా అసలు భావించరు. శిబిరానికి ఇబ్బంది ఉన్నవాళ్లు, పింఛను అవసరమైనవాళ్లు వస్తారు. ఓపీకి చెవి కారుతున్నవాళ్లు, నొప్పి ఉన్నవాళ్లు వస్తారు. జనాభాలో లోపం ఎంత ఉందో తెలియాలంటే చిట్టీ తీసి ఎంపిక చేసిన ఇళ్లకు మనమే వెళ్లి, ఆ ఇళ్లలోని ప్రతి వయోజనుడి చెవినీ యంత్రంతో కొలవడం ఒక్కటే మార్గం.

యంత్రం కొనడం, దానిపై తర్ఫీదు ఇవ్వడం కష్టమైన పనులు కావు. చివరికి వచ్చే అంకె నమ్మదగినదా కాదా అన్నది ప్రధానంగా రెండు విషయాలపై ఆధారపడుతుందని నా అభిప్రాయం. మొదటిది ఎంపికైన వాళ్లలో ఎంతమందిని నిజంగా పరీక్షించగలిగాం అన్నది. రెండవది పరీక్ష జరిగిన గది ఎంత నిశ్శబ్దంగా ఉంది అన్నది. అందుకే ఈ మార్గదర్శిలో ఆ రెండింటికే ఎక్కువ చోటిచ్చాను.

మొదటి మెట్టు: ఎవరిని లోపం ఉన్నవారిగా లెక్కిస్తామో ముందే రాసిపెట్టుకోవడం

సర్వే మొదలయ్యాక నిర్వచనం మార్చుకునే వీలు ఉండకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో విడుదల చేసిన ప్రపంచ వినికిడి నివేదికలోని శ్రేణులు ఇప్పుడు ప్రామాణికంగా వాడుకలో ఉన్నాయి. ప్రతి చెవిలో 500, 1000, 2000, 4000 హెర్ట్జ్ పౌనఃపున్యాల (శబ్దం ఎంత బొంగురో, ఎంత సన్ననో చెప్పే అంకెల) వద్ద వినగలిగిన అతి తక్కువ శబ్దస్థాయిని డెసిబెల్‌లలో కొలిచి, ఆ నాలుగింటి సగటు తీసి, రెండు చెవుల్లో మెరుగైనదాని సగటును ఆ వ్యక్తి వినికిడిగా తీసుకోవాలి. ఆ సగటు 20 డెసిబెల్ కంటే తక్కువైతే వినికిడి సరిగా ఉన్నట్టు. 20 నుంచి 35 లోపు స్వల్ప లోపం, 35 నుంచి 50 లోపు మధ్యస్థం, 50 నుంచి 65 లోపు మధ్యస్థం కంటే ఎక్కువ, 65 నుంచి 80 లోపు తీవ్రం, 80 నుంచి 95 లోపు అతి తీవ్రం, 95 లేదా ఆపైన ఉంటే సంపూర్ణ లోపం. మెరుగైన చెవి 20 లోపే ఉండి రెండవ చెవి 35 లేదా అంతకు మించి ఉంటే దాన్ని ఒంటి చెవి లోపంగా విడిగా నమోదు చేయాలి.

ఒకే వ్యక్తి వేరే కొలమానంలో వేరే గడిలో పడతాడు. ఒకరి మెరుగైన చెవిలో నాలుగు కొలతలు 25, 30, 40, 55 అనుకుందాం. మొత్తం 150, సగటు 37.5. 2021 శ్రేణుల ప్రకారం ఇది మధ్యస్థ లోపం. 1991 నాటి పాత శ్రేణుల్లో 26 నుంచి 40 వరకు స్వల్పమే కనుక, 40 దాటితేనే ఇబ్బందికరమైన లోపంగా లెక్కించిన ఆ కాలపు సర్వేల్లో ఈ వ్యక్తి కనిపించడు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారమైతే రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్ నష్టం ఉంటేనే వినికిడి మందగించినవారు, 70 ఉంటేనే బధిరులు. ఈయన ఆ గడప దగ్గరికి కూడా రాడు. కానీ బస్సులో కండక్టరు మాట, బ్యాంకు కిటికీ అవతలి మాట ఈయనకు సరిగా అందవు. అందుకే పాత సర్వేలతో పోల్చదలచినవారు రెండు శ్రేణుల్లోనూ ఫలితాలను ఇవ్వాలి. దీనికి ముడి కొలతలన్నీ భద్రంగా ఉంటే చాలు, మళ్లీ పరీక్ష అక్కర్లేదు. ఫారంలో శ్రేణి మాత్రమే రాసి కొలతలు రాయని సర్వేకు ఈ అవకాశం శాశ్వతంగా పోతుంది.

వయసు విషయంలో రెండు దారులున్నాయి. 18 ఏళ్లు నిండిన అందరినీ తీసుకోవడం ఒకటి. 50 ఏళ్లు పైబడిన వారిని మాత్రమే తీసుకునే త్వరిత సర్వే పద్ధతి మరొకటి. వయసు పెరిగేకొద్దీ లోపం వేగంగా పెరుగుతుంది కనుక రెండవదానిలో తక్కువ మందితో, తక్కువ ఖర్చుతో పని పూర్తవుతుంది, వినికిడి యంత్రాల అవసరం ఎంతో తేల్చడానికి అది చాలు. అయితే సిరిసిల్ల మరమగ్గాలు, సింగరేణి గనులు, కరీంనగర్ గ్రానైట్ క్వారీలు, పత్తి జిన్నింగు మిల్లులు ఉన్న ప్రాంతంలో నలభై ఏళ్లకే చెవి దెబ్బతినే అవకాశం ఉంది. ఉత్తర తెలంగాణలో పనిచేసే బృందం డబ్బు సమకూరితే 18 ఏళ్ల నుంచే మొదలుపెట్టాలని నా సలహా.

రెండవ మెట్టు: గ్రామాల జాబితా సిద్ధం చేసుకోవడం

ఈ మెట్టు కాగితాల పనిలా కనిపిస్తుంది కానీ మన ప్రాంతంలో చాలా తప్పులు ఇక్కడే పుడతాయి. 2011 జనగణన నాటి వరంగల్ జిల్లా ఇప్పుడు లేదు. 2016 అక్టోబరు 11న అది ఐదు జిల్లాలుగా విడిపోయింది, 2019లో ములుగు వేరుపడింది, 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండగా, వరంగల్ రూరల్ వరంగల్‌గా పేరు మార్చుకున్నాయి. చేర్యాల సిద్దిపేటలో కలిసింది, పాత కరీంనగర్‌లోని కమలాపూర్, ఎల్కతుర్తి ఇటు వచ్చాయి. కనుక పాత పట్టికలోని ప్రతి గ్రామాన్నీ ఇప్పటి మండలం, జిల్లాతో సరిచూసి కొత్త జాబితా తయారు చేయాలి. ఆ తరువాత 2018 పంచాయతీరాజ్ చట్టంతో రాష్ట్రంలో నాలుగు వేలకు పైగా కొత్త గ్రామ పంచాయతీలు ఏర్పడ్డాయి, వాటిలో తండాలు, గూడేలు అనేకం. పాత పట్టికలో ఇవి మాతృగ్రామం జనాభాలో కలిసిపోయి ఉంటాయి. పాత పట్టికను, కొత్త పంచాయతీల జాబితాను సరిచూడకుండా కలిపితే ఒకే తండా రెండుసార్లు రావచ్చు, లేదా రెండింటి నడుమ జారిపోవచ్చు. పట్టణంలో వార్డులను, వాటిలోని గణన బ్లాకులను తీసుకోవాలి.

మూడవ మెట్టు: ఎంతమందిని పరీక్షించాలో లెక్కవేయడం

లెక్కకు నాలుగు సంఖ్యలు కావాలి. లోపం సుమారు ఎంత శాతం ఉండవచ్చన్న ముందస్తు ఊహ, ఫలితం అటూ ఇటూ ఎంత తేడాలోపు ఉండాలన్న కోరిక, ఒకే ఊరివాళ్లను గుత్తగా తీసుకోవడం వల్ల పెంచాల్సిన పాలు, పరీక్షకు అందనివారి పాలు. 18 ఏళ్లు దాటినవారిలో లోపం 10 శాతం ఉండవచ్చని, ఫలితం 2 శాతం అటూ ఇటూలో 95 శాతం నమ్మకంతో రావాలని అనుకుందాం. 95 శాతం నమ్మకానికి వాడే 1.96 అంకె వర్గాన్ని 0.10తో (లోపం ఉన్నవారి పాలు), 0.90తో (లేనివారి పాలు) గుణించి 0.02 వర్గంతో భాగిస్తే సుమారు 865 వస్తుంది. ఒక ఊరి మనుషుల వృత్తి, వయసు, చప్పుడు వాతావరణం ఒకే తీరుగా ఉండడం వల్ల ఒక ఊరి నుంచి 25 మందిని తీసుకున్నా 25 మంది విలువ రాదు. ఊరిలోపలి పోలిక (ఒకే ఊరివాళ్లు ఒకరినొకరు ఎంత పోలి ఉంటారో చెప్పే అంకె) 0.02 అనుకుంటే, పెంపు పాలు 1 కి 24 రెట్ల (25లో ఒకటి తక్కువ) 0.02 కలిపితే 1.48, అంటే సుమారు ఒకటిన్నర. దానితో 865ను గుణిస్తే సుమారు 1,297 అవుతుంది. నూటికి 85 మంది మాత్రమే పరీక్షకు అందుతారనుకొని 0.85తో భాగిస్తే 1,526. క్లస్టరుకు (ఎంపికైన ఒక్కో ఊరికి లేదా పట్టణ బ్లాకుకు) 25 మంది చొప్పున 62 క్లస్టర్లు, మొత్తం 1,550 మంది.

డబ్బు ఆదా అవుతుందని క్లస్టర్లు తగ్గించి ఒక్కో ఊరిలో 50, 60 మందిని తీసుకోవాలన్న ఒత్తిడి తప్పకుండా వస్తుంది. అందుకు ఒప్పుకోవద్దు. ఒక్కో ఊరి నుంచి తీసే సంఖ్య పెరిగేకొద్దీ పైన చెప్పిన పెంపు పాలు పెరుగుతుంది, ఆదా చేశామనుకున్నది అందులోనే పోతుంది.

నాలుగవ మెట్టు: ఊళ్లను, ఊరిలో ఇళ్లను ఎంపిక చేయడం

ఊళ్లను జనాభా నిష్పత్తిలో తీయాలి. జాబితాలో ప్రతి ఊరి జనాభానూ వరుసగా కూడుతూ పోయి, చివరి మొత్తాన్ని 62తో భాగిస్తే వచ్చేది విరామం. ఒకటి నుంచి ఆ విరామం వరకు ఏదో ఒక సంఖ్యను యాదృచ్ఛికంగా తీసి, దానికి విరామాన్ని కలుపుతూ పోతే ఏ ఊరి కూడికలో ఆ సంఖ్య పడుతుందో ఆ ఊరు ఎంపికైనట్టు. జాబితాను ముందుగా పట్టణం, మైదాన గ్రామం, ఏజెన్సీ మండలం అని విడగొట్టి వరుస పెడితే ఏటూరునాగారం, తాడ్వాయి వైపు ఊళ్లకు కూడా వాటి జనాభాకు తగిన వంతు దక్కుతుంది.

ఊరిలోకి వెళ్లాక ఇళ్లను తీయడంలోనే పక్షపాతం చాలా సులభంగా దూరుతుంది. గ్రామ పంచాయతీ ఆఫీసు దగ్గర దిగి, పెద్దబాట వెంట వరుసగా నడిస్తే ఊరి నడుమ ఉన్న ఇళ్లు మాత్రమే వస్తాయి, చివరన ఉన్న దళితవాడ, చెరువు అవతలి తండా ఎప్పుడూ రావు. దీనికి మేలైన పద్ధతి ఊరి పటం గీయడం. వార్డు సభ్యుడు, ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు కలిసి కూర్చుంటే కొద్దిసేపట్లో పటం తయారవుతుంది. ఆ పటాన్ని సుమారు 25 మంది వయోజనులు ఉండే ముక్కలుగా విడగొట్టి, వాటికి అంకెలు వేసి, అందరి ముందు ఒక చిట్టీ తీయాలి. వచ్చిన ముక్కలోని ప్రతి ఇల్లూ, ప్రతి ఇంట్లోని ప్రతి వయోజనుడూ సర్వేలో ఉంటారు. ఆశా కార్యకర్త సాయం దారి చూపడానికి, పరిచయం చేయడానికి చాలా విలువైనది, కానీ ఎవరిని పరీక్షించాలో నిర్ణయించే అధికారం ఆమెకు ఇవ్వకూడదు. ఆమె మంచి మనసుతోనే ఇబ్బంది ఉన్నవాళ్ల ఇళ్లకు తీసుకుపోతుంది, దాంతో అంకె ఉబ్బిపోతుంది.

డప్పు చాటింపు వేయించి అందరినీ బడి దగ్గరికి పిలిపించడం కూడా ఇలాంటిదే. చెవి బాగాలేనివాళ్లు ముందు వస్తారు, బాగున్నవాళ్లు పొలానికి పోతారు, నడవలేని ముసలివాళ్లు ఇంట్లోనే మిగులుతారు. అది శిబిరం అవుతుంది, సర్వే కాదు.

ఐదవ మెట్టు: ఒక్కరు కూడా జారిపోకుండా చూసుకోవడం

వంద మందిలో ఎనభై మందిని పరీక్షించి ఎనిమిది మందికి లోపం ఉందని తేలితే 10 శాతం అని రాస్తాం. అందని ఇరవై మందిలో ఆరుగురికి లోపం ఉండి ఉంటే అసలు అంకె 14 శాతం. మిగిలినవారు పరీక్షించినవారిలాంటివారే అన్న నమ్మకానికి వినికిడి విషయంలో ఆధారం లేదు, ఎందుకంటే వినబడకపోవడమే మనిషిని సర్వేకు దూరం చేస్తుంది. తలుపు తట్టినా వినబడదు, మాట్లాడితే అర్థం కాక సిగ్గుపడతారు, ఇంటివాళ్లు ముందే అడ్డం వస్తారు. "అవ్వకు ఎట్లాగూ ఇనవడది, ఆమెకెందుకు పరీక్ష సారూ?" అన్న మాట ప్రతి ఊరిలో వినవలసి వస్తుంది. అలాంటి అవ్వ పరీక్ష లేకుండా మిగిలిపోతే సర్వే కోల్పోయేది తీవ్రమైన లోపం ఉన్న మనిషినే. అవ్వకు ఎంత వినబడుతుందో తెలిస్తేనే ఈ ఊరికి ఎన్ని యంత్రాలు కావాలో తెలుస్తుందని ఇంటివాళ్లకు ఓపికగా చెప్పి, ఆమెను మంచం మీద కూర్చోబెట్టి అయినా పరీక్షించాలి.

రెండవ గుంపు ఇంట్లో లేని మగవాళ్లు. పగటిపూట తిరిగే బృందానికి ఆడవాళ్లు, ముసలివాళ్లు మాత్రమే దొరుకుతారు. చప్పుడులో పనిచేసే మగవాళ్లు సాయంత్రానికి గానీ ఇల్లు చేరరు, గని కార్మికులైతే షిఫ్టు వేళలను బట్టి దొరుకుతారు. ప్రతి ఇంటికీ కనీసం మూడుసార్లు వెళ్లాలని, అందులో ఒకటి పొద్దున్నే, ఒకటి సాయంత్రం ఉండాలని నియమం పెట్టుకోవాలి. క్యాలెండరును కూడా ముందే చూసుకోవాలి. నాట్ల కాలంలో, పత్తి ఏరే కాలంలో, మిరప కోతల్లో ఊరు ఖాళీ అవుతుంది. బతుకమ్మ, దసరాకు ఊరు నిండుతుంది కానీ మైకుల హోరులో పరీక్ష సాగదు. మేడారం జాతర సంవత్సరమైతే ఆ చుట్టుపక్కల మండలాలను ఆ నెలలో వదిలేయాలి. బొంబాయి, గల్ఫ్ వెళ్లి ఆరు నెలలుగా ఊళ్లో లేనివారిని నివాసులుగా లెక్కించాలా వద్దా అన్నది సర్వే నియమాల పుస్తకంలో ముందే రాయాలి. ఎవరు దొరకకపోయినా వారి వయసు, స్త్రీ పురుష వివరం, దొరకని కారణం నమోదు చేసి తీరాలి. వారి స్థానంలో పక్కింటివాళ్లను తీసుకోవడం మాత్రం ఎన్నడూ చేయకూడదు.

ఆరవ మెట్టు: అనుమతులు, సమ్మతి

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలకు లోబడి ఎథిక్స్ కమిటీ ఆమోదం, జిల్లా వైద్యాధికారి అనుమతి, గ్రామ పంచాయతీకి సమాచారం ముందే ఉండాలి. సమ్మతి పత్రం తెలుగులో ఉంటే చాలదు. హనుమకొండ, వరంగల్ నగరంలో ఉర్దూ, తండాల్లో లంబాడీ, ములుగు గూడేల్లో కోయ మాట్లాడే వారు బృందంలో ఉండాలి. చదవలేనివారికి సాక్షి ఎదుట చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవాలి. వినబడనివారికి ఎదురుగా కూర్చొని, ముఖం కనబడేలా నెమ్మదిగా చెప్పాలి. అవసరమైతే బొమ్మలతో చూపాలి.

ఈ పరీక్ష వల్ల సదరం సర్టిఫికెట్ రాదు, ఉన్న పింఛను పోదు అన్న రెండు మాటలను మొదటే స్పష్టంగా చెప్పాలి. పింఛను వస్తుందన్న ఆశ ఉన్నవారు వినబడినా బటన్ నొక్కరు, పింఛను పోతుందన్న భయం ఉన్నవారు తలుపే తీయరు.

ఏడవ మెట్టు: పరికరాలు, తర్ఫీదు

ప్రతి బృందానికి ఒక పోర్టబుల్ ఆడియోమీటరు (వినికిడిని కొలిచే యంత్రం) లేదా హెడ్‌ఫోన్లతో కలిపి క్యాలిబ్రేట్ చేసిన (ఇచ్చే శబ్దం సరైన స్థాయిలో ఉందని ప్రమాణంతో సరిచూసిన) ఫోన్ ఆడియోమీటరు, చెవిని పూర్తిగా మూసే కప్పులున్న హెడ్‌ఫోన్లు, చెవి లోపల చూసే ఆటోస్కోపు, శబ్దస్థాయి మీటరు కావాలి. క్యాలిబ్రేషన్ సంవత్సరానికి ఒకసారి తప్పనిసరి. హెడ్‌ఫోన్లను మార్చితే పాత క్యాలిబ్రేషన్ చెల్లదు. బజారులో కొన్న మామూలు హెడ్‌ఫోన్లను ఫోన్‌కు తగిలించి కొలిచిన అంకెకు ఏ విలువా లేదు. ప్రతిరోజూ బయలుదేరే ముందు, తన వినికిడి ఎంతో ముందే తెలిసిన ఒక బృంద సభ్యుడి చెవిని పరీక్షించి చూడాలి. 10 డెసిబెల్ లేదా అంతకు మించి తేడా వస్తే వైరు, ప్లగ్గు సరిచూడాలి, తేడా పోకపోతే ఆ రోజు ఆ యంత్రాన్ని బయటికి తీయకూడదు. గుంతల బాటలో బైకు మీద తిరిగే యంత్రానికి ఇది మరీ అవసరం.

కొలిచేవారు ఆడియాలజిస్టులే (వినికిడి నిపుణులే) కానవసరం లేదు. తర్ఫీదు పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఈ పని చక్కగా చేయగలరు. అయితే తర్ఫీదు సమయంలో ఒకే మనిషిని ఇద్దరు విడివిడిగా, ఒకరి అంకె మరొకరు చూడకుండా కొలిచి, తేడా 5 డెసిబెల్ లోపు వచ్చేదాకా సాధన చేయించాలి. సర్వే సాగుతుండగా కూడా నూటికి ఐదుగురినైనా పర్యవేక్షకుడు మళ్లీ కొలవాలి.

ఎనిమిదవ మెట్టు: నిశ్శబ్దాన్ని సంపాదించడం

పరిసరాల చప్పుడు 40 డెసిబెల్ దాటకూడదన్నది ఇలాంటి సర్వేల్లో సాధారణ నియమం. పల్లెలో అది సులభమనుకుంటారు. ట్రాక్టరు, పిండిగిర్ని, గుడి మైకు, టీవీ, కూలరు, ఇంటి వెనుక బోరు మోటారు కలిసి ఆ అంకెను సులభంగా దాటిస్తాయి. కాజీపేట పరిసరాల్లో రైళ్లు కూడా తోడవుతాయి. రేకుల ఇంటి మీద వాన పడుతుంటే పరీక్ష ఆపడం తప్ప దారి లేదు. ముక్కలోని ఇళ్లన్నీ తిరిగి, బాటకు దూరంగా, మందమైన గోడలున్న ఒక లోపలి గదిని అడిగి తీసుకోవాలి. మట్టి గోడల పాత పెంకుటిళ్లు ఈ పనికి ఎంతో అనువుగా ఉంటాయి. ఫ్యాను, కూలరు, టీవీ, ఫ్రిజ్ ఆపించి, గదిలో పరీక్షించేవారు, పరీక్షింపబడేవారు తప్ప ఎవరూ ఉండకుండా చూడాలి. మనవలు కిటికీలో నుంచి చూస్తూ నవ్వినా కొలత చెడుతుంది. బృందంలో ఒకరు వాకిట్లో నిలబడి జనాన్ని ఆపడానికే ఉండాలి. ఎండాకాలంలో ఫ్యాను లేని గదిలో ముసలివారిని ఎక్కువసేపు కూర్చోబెట్టలేం కనుక ఆ నెలల్లో తెల్లవారుజామున, పొద్దు వాలాక మాత్రమే పని పెట్టుకోవాలి.

మీటరు అంకెను ప్రతి వ్యక్తి పరీక్షకు ముందు, తరువాత ఫారంలో రాయాలి. ఒక్కసారి పొద్దున కొలిచి రోజంతా అదే రాయడం పనికిరాదు. చప్పుడు ముందుగా చెడగొట్టేది 500 హెర్ట్జ్ కొలతను, ఎందుకంటే ఫ్యాన్లు, ఇంజన్ల హోరు ఆ కింది పౌనఃపున్యాల్లోనే ఎక్కువ. ఒక క్లస్టరులో 2000, 4000 వద్ద బాగా విన్న యువకులకు కూడా 500 వద్ద 30, 35 వస్తుంటే అది వాళ్ల చెవుల దోషం కాదు, ఆ గది దోషం. పర్యవేక్షకుడు ఏ రోజు అంకెలను ఆ రోజు రాత్రే చూస్తే మరునాడు గది మార్చి మళ్లీ కొలవవచ్చు. నెల తరువాత చూస్తే ఆ క్లస్టరు పోయినట్టే. 20 నుంచి 35 మధ్య ఉండే స్వల్ప లోపపు అంకె ఇళ్లలో చేసిన సర్వేలో ఎప్పుడూ కొంత అనుమానాస్పదమే. కాబట్టి ప్రధాన ఫలితంగా 35, ఆపైన ఉన్నవారి శాతాన్ని ఇచ్చి, స్వల్ప లోపాన్ని విడిగా చూపాలి.

తొమ్మిదవ మెట్టు: ఒక్కో వ్యక్తి పరీక్ష

మొదట ప్రశ్నలు. వినికిడి యంత్రం వాడుతున్నా సరే, వినడంలో ఇబ్బంది ఉందా అని అడిగి, ఏమీ లేదు, కొంత ఉంది, చాలా ఉంది, అసలు వినబడదు అన్న నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించాలి. ఇది యంత్రపు కొలతకు ముందే అడగాలి, లేకపోతే పరీక్షలో తమకు ఎలా అనిపించిందో అదే చెబుతారు. ఆ తరువాత ఎన్నాళ్లుగా ఇబ్బంది, చెవి కారిందా, ఎక్కడెక్కడ ఎన్నేళ్లు పనిచేశారు, క్షయ వ్యాధికి సూదిమందు తీసుకున్నారా అన్నవి. స్ట్రెప్టోమైసిన్, కనామైసిన్ వంటి సూదిమందులు లోపలి చెవిని దెబ్బతీస్తాయి కనుక ఈ ప్రశ్నను వదలకూడదు.

తరువాత ఆటోస్కోపుతో చూడడం. గుబిలి చెవిని పూర్తిగా మూసిందా, కర్ణభేరికి రంధ్రం ఉందా, చీము ఉందా అన్నవి రెండు చెవులకూ విడివిడిగా రాయాలి. చెవిలో వేడి నూనె, వెల్లుల్లి నూనె పోసుకోవడం మన దగ్గర వాడుక. ఆ నూనె కనబడితే అదీ రాయాలి. గుబిలి తీసి కొలవాలా, ఉన్నట్టుగానే కొలవాలా అన్న వాదన ఎప్పుడూ ఉంటుంది. ఈ రోజు ఈ మనిషికి ఎంత వినబడుతోంది అన్నదే సర్వే ప్రశ్న కనుక ఉన్నట్టుగా కొలిచి, గుబిలిని కారణంగా నమోదు చేసి, తరువాత తీయించడమే సబబు.

హెడ్‌ఫోన్లు పెట్టేముందు కళ్లద్దాలు, బుట్టకమ్మలు, తలరుమాలు తీయించాలి. పెద్ద వయసు లంబాడీ స్త్రీలకు చెంపల పక్కన జుట్టుకు కట్టి వేలాడే వెండి నగలు ఉంటాయి. వాటిని విప్పమనడం చిన్న విషయం కాదు. బృందంలోని స్త్రీ కార్యకర్త మర్యాదగా అడిగి, పక్కకు జరిపి, కప్పు చెవిని పూర్తిగా మూసిందో లేదో వేలితో తడిమి చూడాలి. ఎరుపు కప్పు కుడి చెవికి, నీలం ఎడమ చెవికి. సూచన వాళ్ల మాటలోనే ఉండాలి: "బాపూ, ఈ చెవిల సన్నగ కూ అని సప్పుడస్తది. ఎంత సన్నగ ఇనవడ్డా సరే, ఇనవడంగనే ఈ బటన్ ఒత్తుండ్రి, బందైతే ఇడిసిపెట్టుండ్రి." బటన్ చేత కానివారు చెయ్యెత్తినా సరిపోతుంది.

బాగా వినబడే చెవి ఏదో అడిగి దానితో మొదలుపెట్టాలి. 1000 హెర్ట్జ్ శబ్దాన్ని 40 డెసిబెల్ వద్ద ఒకటి నుంచి మూడు సెకన్ల పాటు ఇవ్వాలి. వినబడకపోతే 60, ఆపైన 80కి పెంచాలి. వినబడిన ప్రతిసారీ 10 తగ్గించాలి, వినబడనప్పుడు 5 చొప్పున పెంచాలి. అలా పైకెక్కే మూడు ప్రయత్నాల్లో కనీసం రెండింట జవాబు వచ్చిన అతి తక్కువ స్థాయే ఆ పౌనఃపున్యపు కొలత. తరువాత 2000, 4000, మళ్లీ 1000, చివరగా 500. రెండవసారి 1000 కొలత మొదటిదానితో 5 డెసిబెల్ లోపు కలిస్తే మంచిదాన్ని తీసుకోవాలి. 10 లేదా అంతకు మించి తేడా ఉంటే అర్థమయ్యేలా మళ్లీ చెప్పి, మొత్తం తిరిగి చేయాలి. శబ్దానికి శబ్దానికి మధ్య విరామం ఒకేలా ఉంటే తాళానికి తగ్గట్టు బటన్ నొక్కుతారు కనుక విరామాన్ని మారుస్తూ ఉండాలి. యంత్రపు గరిష్ఠ స్థాయి వద్ద కూడా జవాబు రాకపోతే గడిని ఖాళీగా వదలవద్దు. ఖాళీ గడిని తరువాత ఎవరో పరీక్ష చేయలేదని అనుకొని, అసలు వినబడని మనిషిని లెక్కలోంచి తీసేస్తారు. జవాబు లేదు అని ప్రత్యేక సంకేతం రాసి, సగటుకు గరిష్ఠ స్థాయికి 5 కలిపి వాడాలి.

రెండు చెవుల మధ్య 40 డెసిబెల్ లేదా ఎక్కువ తేడా వస్తే, దెబ్బతిన్న చెవికి ఇచ్చిన శబ్దాన్ని పుర్రె ఎముక గుండా మంచి చెవి విని ఉండవచ్చు. మెరుగైన చెవి లెక్కకు దీనివల్ల నష్టం లేదు. ఒంటి చెవి లోపం లెక్కకు మాత్రం నష్టం ఉంది. అలాంటివారిని మంచి చెవికి హోరు ఇచ్చి మళ్లీ కొలిచే పరీక్షకు పంపాలి.

పదవ మెట్టు: లెక్కలు

మగవాళ్లు తక్కువగా దొరికినప్పుడు నమూనాలో ముసలివాళ్లు, ఆడవాళ్లు జనాభాలో ఉన్నదానికంటే ఎక్కువైపోతారు. అందుకని వయసు, స్త్రీ పురుష పంపకాన్ని జనాభాతో సరిచేసే తూనికలు వేయాలి. నమ్మక అవధిని (అసలు శాతం ఏ రెండు అంకెల నడుమ ఉండవచ్చో చెప్పే హద్దులను) క్లస్టర్లను గుర్తించే పద్ధతిలోనే గణించాలి. సాధారణ సూత్రం వాడితే అవధి ఉన్నదానికంటే ఇరుకుగా కనిపించి, లేని కచ్చితత్వాన్ని చూపిస్తుంది. ఎపీ ఇన్ఫో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనూ ఇది చేయవచ్చు.

నివేదికలో ఎంతమందిని ఎంపిక చేశాం, ఎంతమందిని కొలిచాం, దొరకనివారు ఎవరు అన్న పట్టిక అన్నిటికంటే ముందు రావాలి. ఆ తరువాత వయసు వారీగా 35 పైబడిన లోపం, శ్రేణుల వారీ పంపకం, కారణాలు. వాళ్లు చెప్పిన ఇబ్బందిని, యంత్రపు కొలతను పక్కపక్కన పెట్టిన పట్టిక కూడా ఉండాలి. ఏమీ ఇబ్బంది లేదని చెప్పి, 40 డెసిబెల్ కొలత వచ్చినవారు ఎందరో అందులో కనబడితేనే జనగణన అంకె ఎందుకు తక్కువో అధికారులకు కళ్లకు కడుతుంది. 35 పైబడినవారిలో వినికిడి యంత్రం ఉన్నవారు ఎందరు, ఉన్నా పెట్టెలో దాచినవారు ఎందరు అన్న రెండు అంకెలను విడివిడిగా ఇవ్వాలి. ఉచితంగా యంత్రాలు పంచి, బ్యాటరీలు, మరమ్మతు మరిచిపోయే పథకాల లోపం ఆ రెండవ అంకెలోనే బయటపడుతుంది.

పదకొండవ మెట్టు: పరీక్షించినవారికి చేయవలసినది

ఒక మనిషి చెవిలో రంధ్రం ఉందని చూసి, రాసుకొని వెళ్లిపోవడం తగని పని. ఫలితాన్ని అక్కడికక్కడే వాళ్ల భాషలో చెప్పి, ఒక చీటీ రాసి ఇవ్వాలి. చెవి కారుతున్నవారిని, గుబిలి ఉన్నవారిని దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, శస్త్రచికిత్స అవసరమైనవారిని వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి, వినికిడి యంత్రం, పునరావాసం కావలసినవారిని జిల్లా ఆసుపత్రి ఆడియాలజీ విభాగానికి లేదా సికింద్రాబాద్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రానికి పంపాలి. సర్వే మొదలుపెట్టే ముందే ఆ కేంద్రాల్లో ఎవరిని కలవాలో, ఏ రోజుల్లో ఆడియాలజిస్టు ఉంటారో కనుక్కొని చీటీ మీద అచ్చు వేయించాలి. అకస్మాత్తుగా, కొద్ది రోజుల్లో వినికిడి పోయినవారు, చెవి వెనుక వాపుతో చీము కారుతున్నవారు మరునాటికి ఆగకూడదు. వారిని అదే రోజు పంపాలి. పంపినవారి జాబితా ఒక ప్రతి వాళ్ల సమ్మతితో ఏఎన్ఎంకు ఇచ్చి, మూడు నెలల తరువాత వాళ్లలో ఎందరు ఆసుపత్రికి వెళ్లగలిగారో, వెళ్లనివారు ఎందుకు వెళ్లలేదో ఫోన్‌లో వాళ్ల ఇంటివాళ్లను అడిగి నివేదికకు అనుబంధంగా చేర్చాలి. ఆ ఫోన్లకు, బస్సు చార్జీలకు, తిరిగి వెళ్లి చూసే ఒక మనిషి జీతానికి మొదటి బడ్జెట్‌లోనే డబ్బు కేటాయించాలి.